మేకు కొట్టిన తలకట్టు

ఆయన్ని ఆ వీధిలో అందరూ అక్షరాలాయన అనే అంటారు. చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే. అయితేనేం, పలక మీద ఆయన రాసిన 'ఋ' చూసి మాస్టారు వారం రోజులు ఆ పలక చెరపనివ్వలేదు. ఆ చేత్తోనే అరవై రెండు సినిమాలకు పేర్లు రాశారు. ఆస్పత్రి గోడ మీద మనిషెత్తు అక్షరాలు నిచ్చెన దిగకుండా, వంకర రాకుండా దించారు. ఓ నిర్మాత పేరులో ఒత్తులు కిందామీదా పడి ముగ్గురు పెయింటర్లు చేతులెత్తేస్తే, టీ చల్లారేలోపు ఈయన అచ్చుగుద్దినట్టు ఇమిడ్చారు. ఇన్నింటిలో ఒక్క అక్షరదోషం లేదు. ఇది ఆయన అడిగినవాళ్ళకి చెబుతారు, అడగనివాళ్ళకి ఇంకాస్త వివరంగా చెబుతారు.

ఆయన మాటలు విని విని చెవులు చిల్లులు పడ్డవాడు బావమరిది. "బావా, నీ అక్షరాలు పడేసరికి జనం ఇంకా బయట సైకిళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు. చూసిందెవరు?" అంటాడు.

ఓ మధ్యాహ్నం ఒకామె గుమ్మంలో నిలబడింది. సంచులు కుట్టే పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగుకి దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

"బాబాయ్, నేను వడ్రంగి కూతుర్ని. సినిమా సెట్టింగుల్లో మీతో పనిచేశాడు, మా నాన్న."

ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నారు. "అన్నయ్య కూతురివా! ఎలా ఉన్నాడమ్మా?"

"పోయి ఏడాదైంది."

 వచ్చిన పని చెప్పింది. తన పేరు సినిమాలో పడిందని నాన్న చచ్చేదాకా అనేవాడట. కోతలని ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళట. "అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను బాబాయ్. ఒక్కసారి ఆ పేరు చూడాలి."

"పడకపోవడమేంటి? రాసింది నేను! పేర్ల కార్డుల్లో ఆరోది, మూడో వరుస. ఆ సినిమాకి పేర్లన్నీ చివర్లోనే వెయ్యాలని డైరెక్టర్ పంతం పట్టాడు. మొత్తం పధ్నాలుగు కార్డులు. నీకు చూపిస్తాను, పూచీ నాది."

మాట ఇచ్చేశారు. ఆ సినిమా ఎక్కడా దొరకలేదు. రెండు నెలలకి ఓ టీవీ చానల్లో ఆదివారం మధ్యాహ్నం వేస్తున్నారని తెలిసి ఆమెకి కబురు పెట్టారు. వద్దన్నా బావమరిది కూడా వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

కథ ముగిసింది. మొదటి కార్డు పడింది. "అదిగో, చూడు..." అని ఆయన లేచి నిలబడ్డారో లేదో, కార్డు కాస్తా ముడుచుకుపోయి మూలకి అగ్గిపెట్టెంతై కూర్చుంది. మిగతా తెరంతా పట్టుచీర కట్టిన ఒకావిడ, రేపటి నుంచి కొత్త సీరియల్ తప్పక చూడమని చేతులూపుతోంది. ఆ మూలన ఆయన అక్షరాలు ఒలికిన ఆవాల్లా ఉన్నాయి. వడ్రంగి కూతురు టీవీకి ముక్కు ఆనించి చూసినా ఒక్క అక్షరం అందలేదు.

మర్నాడు చానల్‌కి ఫోన్ చేశారు.

"చివర్లో పేర్లు కనపడలేదమ్మా."

"సినిమా అయిపోయాక వచ్చేవేగా సార్?" అంది అవతలి అమ్మాయి.

"పేర్లు అయితేనే సినిమా అయినట్టు."

"అవి ఎవరు చదువుతారు సార్?"

"అందులో పేరున్నవాళ్ళమ్మా. వాళ్ళ పిల్లలు."

ఆ అమ్మాయి మర్యాదగా రాసుకుంటానంది, వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తున్నారు చూడమంది. చూశారు. ఈసారి పట్టుచీర ఆవిడకి ఓ అత్తగారు కూడా తోడయింది. అగ్గిపెట్టె ఇంకా చిన్నదైంది.

"బావా, నీ అరవై రెండు సినిమాల్నీ ఒక్క అత్తగారు మింగేసిందే!"

ఆయన టీవీ కట్టేశారు. వడ్రంగి కూతురు సంచి భుజానికి తగిలించుకుంటూ, "పోనీలెండి బాబాయ్, మీరేం చేస్తారు?" అంది. ఆ 'పోనీలెండి'లో ఏముందో ఆయనకి తెలుసు. వాళ్ళ నాన్న కోతల పక్కన ఈయన మాటల్నీ పెట్టేసుకుంది.

"కూర్చో అమ్మా" అన్నారు.

మంచం కిందనుంచి నల్ల రంగు పూసిన పాత చెక్క లాగారు. సుద్దదారం ఓ కొస బావమరిది చేతికిచ్చి, చెక్క మీద లాగి కొట్టారు. నాలుగు గీతలు పడ్డాయి. తెల్లరంగు కలిపి, సన్న కుంచె ముంచారు.  ఆరో కార్డు. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుసలో వడ్రంగి పేరు. మొదటి అక్షరం వంపు తిరిగింది, పైన తలకట్టు పడింది. ఆ తలకట్టు కొసన, అప్పుడెలా పెట్టారో అలాగే, చిన్న గుండు పెట్టారు. తలకట్టు కాస్తా వంగిన మేకైంది.

కూతురు చటుక్కున లేచింది. "బాబాయ్! ఆ మేకు!"

"మీ నాన్నని ఏడిపిద్దామని పెట్టానమ్మా. ఎప్పుడూ నోట్లో నాలుగు మేకులు పెట్టుకునే మాట్లాడేవాడు. డైరెక్టర్‌కి కూడా తెలీదు. అయినా నీకెలా..."

"నాన్న చెప్పేవాడు. 'తమ్ముడు నా పేరుకి మేకు కొట్టాడు, ఇక ఊడదు' అనేవాడు. అదీ కోతేనని నవ్వేదాన్ని..."  ఆమె తడి ఆరని రంగు దగ్గరికి వేలు తీసుకెళ్ళి, తాకకుండా, ఆ పేరంతా గాల్లోనే దిద్దింది.

చెక్క కొస పట్టుకుని నిలబడ్డ బావమరిది ఆ మేకుకేసి వంగి చూశాడు. "సరే బావా, ఒప్పుకున్నా. ఇక శుభం అని రాసెయ్."

"అప్పుడేనా? ఇది కాక ఇంకా పదమూడు కార్డులున్నాయి. చెక్క సరిగ్గా పట్టుకో" అన్నారు అక్షరాలాయన, నాలుగో వరుస మొదలుపెడుతూ.