సిమెంటు జింకల పార్కు నుంచి పిలుపు

ఆ రోజుల్లో ప్రపంచమంతా నాతో మాట్లాడడానికి చెవులు రిక్కించుకుని కూర్చుందని నాకు గట్టి నమ్మకం. (ఇంట్లోవాళ్ళు మాత్రం నేను నోరు తెరిస్తే చాలు, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయేవాళ్ళు.) బెంగళూరులో కొత్త ఉద్యోగం, చేతిలో కొత్తగా వచ్చిన హ్యామ్ రేడియో లైసెన్సు. హ్యామ్ రేడియో అంటే మరేమీ లేదు, సర్కారు పరీక్ష పాసై, కాల్‌సైన్ అని ఒక గుర్తింపు పేరు తెచ్చుకుని, సొంత రేడియో సెట్టుతో ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడే సరదా. జేబులో ఫోను తీస్తే ముఖం చూసుకుంటూ మాట్లాడగలిగే కాలంలో, గరగరల మధ్య నుంచి ‘మీ మాట వినబడుతోంది’ అనిపించుకోవడానికి ఇంత తీగా అంత బ్యాటరీ మోసుకు తిరగడం దేనికని మా నాన్న అడిగేవాడు. నాకు జవాబు తెలియని ప్రశ్న అడిగినవాణ్ణి అజ్ఞాని అనుకునే వయసది, అందుకని నాన్నను క్షమించేసి ఊరుకునేవాణ్ణి.

ఈ పిచ్చి నాకొక్కడికే పట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మా మేనత్త కొడుకు, శిడ్లఘట్టలో ఉండే బావ, నాతోపాటే ఆ పరీక్ష పాసయ్యాడు. వాళ్ళది పట్టుదారం తీసే రీలింగు యూనిట్. నేను మేడమీద బట్టలారేసే తీగకు చెల్లెలిలా ఇంకో తీగ కట్టి దాన్నే యాంటెన్నా అనుకుంటుంటే, బావ ఏకంగా యూనిట్ పైకప్పు మీద ఇనుప టవరు లేపాడు. ఊళ్ళోవాళ్ళు అది మొబైల్ టవరనుకుని సిగ్నలు సరిగ్గా రాలేదని బావను తిట్టిపోయేవాళ్ళు. ఆ తిట్లు కూడా బావకు బిరుదుల్లాగే ఉండేవి. ఒకసారి మా సొంతూరు కెంచార్లహళ్ళిలో మా ఇంటికి జాతర భోజనానికి వచ్చి, నలుగురి ముందూ అన్నాడు: “నీ తీగకు కాకులు తప్ప ఎవురూ పలకరు రా. ఊరికే ఆ సెట్టు నాకిచ్చేయ్, పండగపూట పుణ్యముంటాది.”

హ్యాములకు ఒక ఆట ఉంది. ఏదైనా ప్రకృతి సంరక్షణ పార్కులో కూర్చుని, అక్కడికక్కడే తీగ కట్టి, పదిమంది హ్యాములతో మాట్లాడితే ఆ పార్కు ‘గాలిలోకి వచ్చినట్టు’ లెక్క. తొమ్మిదైతే లెక్కలోకి రాదు. మా ఊరికీ చింతామణికీ మధ్య, గుట్ట కింద ఒక చిన్న పార్కు ఉంది, అక్కడినుంచి అంతవరకూ ఎవరూ ఈ ఆట ఆడలేదు. (ఆడకపోవడానికి కారణం ఉండొచ్చునని నాకు తట్టలేదు.) రోషంలో నేను ఒక్క రోజులో ఆ పార్కును గాలిలోకి తెస్తానన్నాను. బావ తిరునాళ్ళలో పశువును బేరం చేసినట్టు నా చెయ్యి పట్టుకుని, “పదిమంది పలికితే నా టవరు నీకు. పలక్కపోతే నీ సెట్టు నాకు,” అన్నాడు. మొదటి జీతాలన్నీ కూడబెట్టి, టిఫిన్లు మానేసి కొన్న సెట్టది. చెయ్యి వెనక్కి లాక్కుందామనుకునే లోపలే మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, వక్కాకు నములుతూ, “నేనూ వస్తారా బుర్రోడా, ఆ పార్కు నేను చూడ్లా,” అంది. అవ్వకు నేను బుర్రోణ్ణి, బావ గుండుగాడు. లోకంలో మాకు వేరే పేర్లున్నాయని ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద ముందు బ్యాటరీ, వెనక అవ్వ, అవ్వ ఒళ్ళో సంగటి ముద్దల క్యారియరుతో బయల్దేరాము. పార్కు అంటే పెద్ద ఆర్చి, దాని మీద వన్యప్రాణులను కాపాడండని కన్నడంలో బోర్డు, లోపల వన్యప్రాణుల కింద మూడు సిమెంటు జింకలు. ఒక జింక కడుపు మీద ఎవరో ప్రేమికులు తమ పేర్లు చెక్కి సంరక్షించారు. బోర్డు నీడలో మేకలు పడుకుని, ప్రత్యేకంగా నాటి కంచె వేసిన మొక్కల్ని తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. నిజం నెమళ్ళు మాత్రం కంచె అవతల టమోటా తోటలో ఉన్నాయి, అక్కడ తిండి దొరుకుతుంది కాబట్టి. అవ్వ ఒకసారి చుట్టూ చూసి, “ఇది మా మేకల బీడు గదరా, దీనికి తలుపు పెట్టినారా?” అంది.

యాంటెన్నా తీగకు రాయి కట్టి కానుగ చెట్టు కొమ్మ మీదుగా విసరాలి. వీడియోల్లో విసిరినవాళ్ళందరూ ఒక్క దెబ్బకే వేశారు. నా రాయి కొమ్మ దాటలేదు సరికదా, తిరిగొచ్చి సిమెంటు జింక చెవి ఊడగొట్టింది. సంరక్షణ పార్కులో ఆ రోజు జరిగిన వేట అదొక్కటే. ఎలాగో తీగ లేపి, సెట్టు పెట్టి, మైకు పట్టుకుని ‘సీక్యూ, సీక్యూ’ మొదలుపెట్టాను. అంటే ‘ఎవరైనా సరే, వింటున్నవాళ్ళు పలకండి’ అని. ఎండ నడినెత్తి దాకా వచ్చింది, నా గొంతు ఎండింది, ఎవరూ పలకలేదు. మేకలు కూడా నా వైపు చూడడం మానేశాయి.

“ఎవుర్నిరా అంత గొంతు చించుకోని పిలుస్తాండావు?” అని అవ్వ అడిగింది.

“ఎవరినైనా సరే అవ్వా.”

“ఎవురినైనా పిలిస్తే ఎవురు పలుకుతారురా? సంతలో నిలబడుకోని ‘ఒరే’ అంటే ఎవుడన్నా తిరిగి చూస్తాడా? పేరు పెట్టి పిలువు.”

విజ్ఞానశాస్త్రం తెలియని ముసలామె అని జాలిపడి, ఆకాశంలో పొరలుంటాయనీ, మన మాట వాటికి తగిలి కిందికి వస్తుందనీ చెప్పబోయాను. అవ్వ అప్పటికే సిమెంటు జింకకు ఆనుకుని కునుకు తీస్తోంది.

మధ్యాహ్నం దాటాక ఆకాశం కరుణించింది. మొదట హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన పలికారు. బ్యాంకులో రిటైరయ్యారట, తన మోకాలి నొప్పి గురించి, దానికి వాడిన నూనెల గురించి వరసగా చెప్పారు. (మనిషి దొరికిన ఆనందంలో ఆ మోకాలిని నేనే ఓదార్చాను.) ఆ వెనకే కేరళ, మదురై, శ్రీలంక, ఒకరి వెనక ఒకరు వచ్చి ‘మీరు అయిదు తొమ్మిది’ అని వెళ్ళిపోయారు. హ్యాముల భాషలో మాట శుభ్రంగా వినబడుతోందని అర్థం. నేనైతే నా వ్యక్తిత్వానికి వేసిన మార్కులనుకుని ఛాతీ విరిచాను. తొమ్మిదిమంది అయ్యారు. ఇంకొక్కడు చాలు. బావ టవరు మా మేడమీద ఎక్కడ నిలబెట్టాలో కూడా మనసులో కొలతలు వేసేశాను.

సరిగ్గా అప్పుడే ఫారెస్టు గార్డు వచ్చాడు. బాగేపల్లి తట్టునుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. పొద్దుటినుంచి మేకలు మొక్కలు తింటున్నప్పుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ, చెట్టు మీదినుంచి తీగా, కింద బ్యాటరీ కనబడగానే లాఠీతో ప్రత్యక్షమయ్యాడు. మా వైపు అడవి పందుల్ని చంపడానికి దొంగచాటుగా కరెంటు తీగలు కడతారు. ఆయన లెక్కలో నేను ఆ బాపతు.

“ఏమప్పా, ఈ తంతి ఎవురిది? పందికా, నెమలికా?”

“పందికీ కాదు, నెమలికీ కాదు సార్. ఇది రేడియో. శ్రీలంకతో మాట్లాడుతున్నా.”

“శ్రీలంకతోనా?” అంటూ ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వేటగాడినుంచి గూఢచారినైపోయానని అప్పుడు తెలిసింది. లైసెన్సు చూపించాను. అది తిరగేసి, బోర్లేసి, “ఇది డెల్లీది. మా ఫారెస్టు ఇలాఖా పర్మిషన్ యాడ? చిక్కబళ్ళాపురం ఆఫీసులో అర్జీ ఇచ్చినావా?” అన్నాడు. అంతలో ఆయన చూపు జింక మీద పడింది. “దీని చెవి యాడ పోయింది?”

అవ్వ లేచి చీర దులుపుకుని, “ఆ చెవి సంగతి తరువాత అప్పా. పొద్దున్నించి తిన్నావా?” అని క్యారియరు విప్పింది. సంగటి, చెనక్కాయల చట్నీ చూశాక ఇలాఖా కాస్త మెత్తబడింది. రెండో ముద్ద దగ్గర నేను వేటగాణ్ణి కాదని తేలింది, మజ్జిగ దగ్గరికొచ్చేసరికి గూఢచారినీ కాదని తేలింది. కానీ చెయ్యి కడుక్కోగానే ఆయనకు ఉద్యోగం గుర్తుకొచ్చింది. “అయిదుకు గేటు బందు. దానిలోపల తంతి దించకపోతే సెట్టుతో సహా సీజు చేసేస్తా, చెప్తాండా,” అన్నాడు.

అంటే పదోవాడు దొరక్కపోతే సెట్టు బావకు, ఆలస్యమైతే సర్కారుకు. ఎటు చూసినా నాది కాదు. మైకు పట్టుకుని పిలిచాను, అరిచాను, చివరికి బతిమాలాను. గరగర తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆ గరగరలో ఎవరో మైకు మీట నొక్కినట్టు చప్పుడు, దాని వెనక చక్రాలు తిరిగే రొద, ఆ రొద వెనకనుంచి ఒక ఆడగొంతు: “కాఫీ చల్లారిపోతాండాది, తాగి పోరాదా!” వెంటనే అంతా ఆగిపోయింది.

అవ్వ చప్పున నిలబడింది. “అది మా పాప గొంతు గదరా!”

ఆమె పాప అంటే ఆమె కూతురు, మా మేనత్త. చక్రాల రొద రీలింగు యూనిట్‌ది. కాఫీ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. పొద్దుటినుంచి బావ టవరు కింద కూర్చుని, నా ప్రతి కేకా వింటూ, నేను ఓడిపోయే ఘడియ కోసం కాచుకుని ఉన్నాడు! కాఫీ గ్లాసు అందుకునేటప్పుడు పొరపాటున చెయ్యి తగిలి మీట నొక్కుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. “బావా, విన్నాను, పలుకు!” అన్నాను. కాల్‌సైన్‌తో మర్యాదగా పిలిచాను. అయినా లాభం లేక తిట్టాను కూడా, గాలిలో తిట్టకూడదు కాబట్టి మీట వదిలేసి తిట్టాను. గార్డు గడియారం చూసి, కానుగ చెట్టు దగ్గరికి నడిచి, తీగ కట్టిన తాడు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు అవ్వ నా చేతిలోంచి మైకు లాక్కుంది. (లైసెన్సు లేనివాళ్ళను సొంతంగా మాట్లాడనివ్వకూడదని రూలు. ఆ రూలు రాసినవాళ్ళు మా అవ్వను చూడలేదు.) నేను మీట ఎలా నొక్కుతానో పొద్దుటినుంచి చూసిన మనిషి, గట్టిగా నొక్కి, చేను గట్టు మీదినుంచి పిలిచినట్టు పిలిచింది.

“ఒరే గుండుగా! యాడ ఉండావురా? అవ్వ పిలుస్తాండాది, పలకవా?”

రెండో పిలుపు అవసరం లేకపోయింది. “ఆ... అవ్వా! ఈడే ఉండా!” అని శిడ్లఘట్ట పలికింది.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే చెయ్యెక్కడున్నా, కాలెక్కడున్నా ముందు నోరు పలుకుతుంది. అన్నం మానేస్తారేమో గానీ అవ్వ పిలుపుకు పలకకుండా ఉండరు. పలికాక గానీ తాను చేసిన ఘనకార్యం బావకు అర్థం కాలేదు. నేను మైకు అందుకుని, నా గొంతులో ఎంత మర్యాద ఉందో అంతా పోసి, “పలికిన స్టేషనుకు స్వాగతం. మీ కాల్‌సైన్, నా మాట ఎలా వినబడుతోందో చెప్పండి,” అన్నాను.

“చెప్పను పో,” అన్నాడు బావ.

“అడిగింది చెప్పురా!” అని అవ్వ నా భుజం మీదినుంచి అరిచింది.

పట్టుగూళ్ళు వేడినీళ్ళలో ఉడుకుతున్నట్టు కాసేపు కుతకుతమని, బావ తన కాల్‌సైన్ చెప్పాడు. “అయిదు తొమ్మిది. నీకు కాదు, అవ్వకు,” అన్నాడు. నేను బదులు చెప్పాను. పదిమంది! ఆ ఆనందంలో ఉండగానే హైదరాబాదు పెద్దాయన మధ్యలో దూరి, “అవ్వగారికి నమస్కారం, గొంతు గంటలా వినబడుతోంది, మా మోకాలికి ఏదైనా పసరు...” అంటున్నారు. అంతలో గార్డు తాడు లాగేశాడు, తీగ మేకల మీద పడింది.

పందెం తగువు మాత్రం తెగలేదు. “నేను పలికింది అవ్వకు, వీడికి కాదు,” అని బావ వాదన. “ఎవరికి పలికితేనేం, పలికావు కదా,” అని నా వాదన. అవ్వ రెండూ విని, “టవరు ఇచ్చేయరా గుండుగా,” అని తీర్పు చెప్పింది. బావ వెంటనే ఒప్పుకుని, “పెరుక్కోని పో,” అన్నాడు. కాంక్రీటులో పాతిన టవరది. నేను ఒకరోజు పానా పట్టుకుని వెళ్ళి, దాని చుట్టూ తిరిగి, అత్త పెట్టిన కాఫీ తాగి వచ్చేశాను. నా సెట్టు నాకు దక్కింది, అంతే చాలనుకున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పార్కులో సిమెంటు జింకకు ఇంకా చెవి అతికించలేదు. బోర్డుకు మాత్రం రెండుసార్లు కొత్త రంగు వేశారు. ఇప్పుడు నా దగ్గర పెద్ద సెట్టు ఉంది, ఎన్నో పార్కులు తిరిగాను, నాకంటే కుర్రవాళ్ళకు ఆకాశంలోని పొరల గురించి ఉపన్యాసాలు కూడా ఇస్తాను. (పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం తగ్గలేదు.) అవ్వ పోయి కొన్నేళ్ళయింది. బావకు తల మీద వెంట్రుకలన్నీ రాలి, ఆమె పెట్టిన పేరు ఇప్పటికి సార్థకమైంది.

కొన్ని ఆదివారాలు ‘ఎవరైనా సరే పలకండి’ అని గంటలకొద్దీ పిలుస్తాను. ఎవరూ పలకరు. విసుగొచ్చి, బావ ఎప్పుడూ వినే ఫ్రీక్వెన్సీకి సెట్టు తిప్పి, “ఒరే గుండుగా! యాడ ఉండావురా?” అంటాను. ఆయన రీలింగు లెక్కల్లో మునిగి ఉన్నా సరే, నా గొంతని తెలిసి కూడా, ముందు నోటికొచ్చేది ఒకటే మాట: “ఆ అవ్వా, ఈడే ఉండా!” ఆ తర్వాత తనే, “చెప్పురా బుర్రోడా,” అంటాడు. నన్ను ఆ పేరుతో పిలిచేవాడు ఇప్పుడు ఆయనొక్కడే. ఎంత పనిలో ఉన్నా నేనూ పలుకుతాను.