వరసలో ఆయన చోటు

మా బావగారు పోయారని కబురు వచ్చేసరికి నేను గడ్డం గీసుకుంటున్నాను. సగం గడ్డంతోనే అక్క ఇంటికి పరిగెత్తాను. దారిలో నాకు తట్టిన మొదటి మాట చెబితే మీరు నవ్వుతారో తిడతారో తెలియదు. ఇందులో కూడా ఆయనే ముందు, అనుకున్నాను.

చచ్చినవాడి మీద అసూయేమిటని మా ఆవిడ అడిగింది. బతికి ఉన్నప్పుడు అలవాటైంది, పోయారు కదా అని ఒక్క పూటలో పోదుగా.

రైల్వే ఉద్యోగాల కోసం ఆంధ్రా నుంచి రాయపూర్ వచ్చి ఉండిపోయిన కుటుంబాలు మావి. ఆయనా నేనూ మాత్రం జిల్లా ఆఫీసులో చేరాం. పల్లెల్లో ఒక మామూలు కుటుంబం ఏడాదికి ఎంత సంపాదిస్తుంది, ఏటేటా అది పెరుగుతోందా తరుగుతోందా అని అంచనా వేయడం మా పని. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగి, అన్నీ కూడి, ఇళ్ల సంఖ్యతో భాగించేవాణ్ణి. ఆ లెక్క చూసి బావగారు నవ్వేవారు.

"ఊరి భూమంతా చేతిలో ఉన్న మాల్గుజారు రాబడి కూడా కలిపేశావా? కూలివాణ్ణి కాగితం మీద కలవాణ్ణి చేశావురా బామ్మర్దీ."

నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే నిజమే.

ఆయన పద్ధతి వేరు. రాయపూర్‌లో తెలీబంధా చెరువు దాటి సైకిలు మీద పోతే ఒక పల్లె ఉంది. ఏటా కోతలయ్యాక అక్కడి ఇళ్ల పెద్దలందరినీ కళ్లంలో కూర్చోబెట్టేవారు. లేనివాడు ఈ చివర, మాల్గుజారు ఆ చివర, మధ్యలో ఎవరి తర్వాత ఎవరో వాళ్లే తేల్చుకోవాలి. ఇక అరుపులు. నీకు రెండు జతల ఎడ్లున్నాయి, పైకి జరుగు. నీ కొడుకు భిలాయీలో కూలికి పోతున్నాడు, దాస్తావేం. వరస కుదిరాక రెండు చివరల నుంచీ ఒక్కొక్కరే లేచిపోవాలి. చివరికి మధ్యలో మిగిలినవాడి ఇల్లే ఆ ఏటి మామూలు ఇల్లు. బావగారు ఆ ఇంటికి వెళ్లి, వాళ్లు పెట్టింది తిని, కొఠారులో ధాన్యం ఎన్ని నెలలు వస్తుందో కనుక్కుని రాబడి కట్టేవారు.

"ఎవడూ తన రాబడి నిజం చెప్పడు. పక్కవాడిది అడుగు, గింజతో సహా చెబుతాడు," అనేవారు.

నేనూ ఇంకో ఊళ్లో అలాగే కూర్చోబెట్టాను. ఒక్కడూ నోరు విప్పలేదు. ఆయనకెందుకు చెబుతారో చూద్దామని ఒకసారి వెంట వెళ్లాను. వరస మొదలుకాకముందే ఆయన తన జీతమెంతో పైకి చెప్పారు. ఊరివాళ్లు తర్జనభర్జన పడి ఆయన్ని కూడా వరసలో ఒకచోట కూర్చోబెట్టారు. చివరల నుంచి లేవడం మొదలయ్యే ముందు మాత్రం, ఊరి లెక్కలో తాను కలవకుండా, ఆయన లేచి పక్కకు వచ్చేశారు.

"పగార్ అందరిముందూ చెప్పేస్తారా బావా?"

"వాళ్లని అడగట్లేదా మనం?"

నా జీతం మా ఆవిడకే తెలియదు. ఆ ముందు ఏడాదే నాకు ప్రమోషన్ మీద ఆఫీసులో కుర్చీ వచ్చింది, ఆయనకంటే పది రూపాయలు ఎక్కువ. అదొక్కటే నేను గెలిచింది. పోనీ దానికైనా ఆయన ఏడవలేదు. జిలేబీ తెచ్చి అక్కచేత నా నోట్లో పెట్టించారు.

దినాలయ్యాక అక్క పిలిచింది. "ఒరే, కోతలైపోయి ఫసల్ ఇంటికొచ్చేసింది. ఈ ఏడు ఆ ఊరు లెక్క ఆగిపోతే ఇన్నేళ్లు ఆయన తిరిగిందంతా వృథాయేరా. నువ్వెళ్లిరా."

వెళ్లాను. భయంగానే వెళ్లాను. వాళ్లు నా మాట మీద వరసలో కూర్చోకపోతే అక్కకు ఏ ముఖం చూపించను?

కళ్లంలో అప్పటికే అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కచోట ఖాళీ ఉంది, అక్కడ గోనెసంచి నాలుగు మడతలు పెట్టి వేసి ఉంది. బావగారికి మోకాళ్ల నొప్పి, ఒట్టి నేల మీద కూర్చోలేరు. నా కోసమే ఉంచారనుకుని అటు నడిచాను.

"ఉహాఁ నహీ బాబూ," అన్నాడు ఒక ముసలాయన. అక్కడ కాదట, అది ఆయన చోటట. "మీ జీతం చెప్పండి. మీ చోటు చూపిస్తాం."

ఊరంతా నా వైపే చూస్తోంది. చెప్పాను.

వాళ్లలో వాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఖాళీకి పైన ఉన్నవాళ్లను జరిపి, గోనెసంచి పక్కనే నాకు చోటు చేశారు. ఇన్నేళ్లకు ఆయనకంటే పైన కూర్చున్నాను. చూడడానికి పక్కన ఆయన లేరు.

సంచి మీదకు ఎవరూ జరగలేదు. నాకు మాత్రం ఎవరూ ఏమీ వేయలేదు, మట్టి మీదే కూర్చున్నాను.