బొట్టు పెట్టిన తూటాలు

మా పెద్దమావ పోయాడన్న కబురు నాకు విజయనగరం బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు మా ఊరివాడే, వరసకు తమ్ముడు. "అన్నా, గురితప్పు మావ పోనాడు. పెరట్లో కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు. బేగి రా" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు కోపం వచ్చింది. పోయినరోజు కూడా ఆ మనిషి పేరు ముందు ఆ మాట తగిలించాలా? వాడికి తప్పనిపించలేదు. ఊళ్లో చిన్నపిల్లలు అదే ఆయన అసలు పేరనుకునేంతగా అలవాటైపోయింది.

ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే. పొగడడానికి కాదు. పొగిడితే ఆయనే లేచి తిడతాడు. ఆ పేరు ఆయనకి ఎలా అంటిందో చదివేవాళ్లకి తెలియాలి, అంతే.

పెద్దమావ అంటే మా అమ్మకి అన్న. నరసన్నపేట నుంచి కొండల వైపు వెళ్తే వస్తుంది ఊరు. వరీ, వేరుశనగా, గట్టు మీద జీడితోటలూ. జమీందారీలు రద్దయిన రోజుల్లో ఒక ఎస్టేటువాళ్లు సామాన్లు అమ్ముకుంటుంటే మావ పెద్ద జంతువుల్ని కొట్టే మాగ్నమ్ రైఫిలు ఒకటి కొని లైసెన్సు తీసుకున్నాడు. పంట మీద పడే పందులకీ, తోటల్లోకి దిగే ఎలుగులకీ అంత తుపాకీ ఎందుకని అందరూ నవ్వారు. "ఒక్క దెబ్బకి పోవాల్రా. దెబ్బతిన్న జంతువు దాని ప్రాణానికీ నరకమే, మన ప్రాణానికీ నరకమే" అనేవాడు.

వేసవిలో వంశధారలో ఇసక తేలాక మావ ఆ తుపాకీకి ఏ తూటా నప్పుతుందో పేల్చి చూసి ఎంచేవాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లి చూసేవాణ్ణి. ఎత్తయిన గట్టుకి చెక్క ఆనించి, దాని మీద కాగితం అంటించి, వంద గజాలు వెనక్కి వచ్చేవాడు. ఇసక నింపిన గోనెసంచుల మీద తుపాకీ పెట్టి ఒకటి పేల్చేవాడు. ఆ తరవాత గొట్టం చల్లారేదాకా వక్కపలుకు నములుతూ కూర్చునేవాడు. నాకు విసుగు పుట్టేది.

"తొందరేటి? యేడి గొట్టం అబద్దం సెప్తాది. పంది మన ముందుకొచ్చినప్పుడు తుపాకీ సల్లగుంటాది గదా. సల్లగున్నప్పుడే అడగాల దాన్ని."

తేలిక గుండు వేగంగా పోతుందని దుకాణంవాళ్లు దాన్నే పొగిడేవారు. మావ తుపాకీకి అది పడలేదు. చిల్లులు కాగితమంతా చెదిరిపోయేవి. బరువు గుండు నెమ్మది, కానీ ఒకదాని పక్కన ఒకటి, రూపాయి బిళ్ల పెడితే అన్నీ దాని కింద దాగిపోయేవి. "సమ్మంధం సూడ్డం లాంటిదిరా ఇది. పిల్లోడు గొప్పోడా అని కాదు, మన పిల్లకి నప్పుతాడా అని సూడాల" అని, చిల్లుల మీద వేలు పెట్టి మురిసిపోయేవాడు.

తరవాత ఆ బరువు గుండుల్లోనూ తేడా బయటపడింది. మొదట కొన్న పెట్టెలోవి చెప్పినట్టు వినేవి. ఆ తరవాత విశాఖపట్నంలో దొరికినవి పైకి అచ్చం అవే. కంపెనీ అదే, బరువు అదే. పేల్చి చూస్తే మాత్రం మూరెడు అటూ ఇటూ. ఎక్కడ చెమ్మ తగిలిందో గాని లోపల మందు చెడిపోయింది. అప్పటికే సీమసరుకు రావడం తగ్గిపోయింది, మంచివి మళ్లీ కొందామన్నా దొరకవు. ఉన్నవి పట్టుమని పది లేవు. వాటిని ఎలుగు లాంటిది వస్తే పనికొస్తాయని దాచి, చెడినవి పందుల్ని బెదరగొట్టడానికి ఉంచాడు. అట్టపెట్టెలు చెదలు తినేస్తే తూటాలన్నీ కలిపి రాగులు పోసే చోళ్ల డబ్బాలో వేయాల్సి వచ్చింది. గుర్తు కోసం అత్త తిలకం సీసా అడిగి, మంచివాటికి మాత్రం ఒక్కొక్క ఎర్రచుక్క పెట్టాడు. "ఆ సేత్తోనే పుస్తి కూడా కట్టీయండి" అని అత్త వెక్కిరించింది. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వామో.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ. అత్త పళ్లెంలో తూటాలు పేర్చి, పక్కన రైఫిలు పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. మావా నేనూ నూతి దగ్గర స్నానం చేస్తున్నాం. ఈలోగా ఊరి ప్రెసిడెంటు వచ్చాడు. మావకి బావ వరస, ఏ ఇంట్లో పూజైనా తానే ముందుండాలనే మనిషి. మేం తడిబట్టలతో లోపలికి వచ్చేసరికి తిలకం సీసా చేతిలో పట్టుకుని, పని పూర్తిచేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఏటి బావా ఇది? కొన్నిటికి బొట్టెట్టి కొన్ని మోడుగా వదిలేత్తారేటి? అరిష్టం కాదూ! నానే అన్నిటికీ ఎట్టీసేను" అన్నాడు.

మావ పళ్లెం ముందు చతికిలబడిపోయాడు. ఒక్కొక్క తూటా తీసి వెలుగులోకి పట్టి చూశాడు. అదే సీసా, అదే ఎరుపు, అదే చోటు. పేల్చి చూస్తే గాని ఏది ఏదో తెలియదు, పేల్చాక తెలిసినా ఏం లాభం? "కొంప ముంచావు బావా" అన్నాడు. ప్రెసిడెంటు ముఖం మాడ్చుకుని, ప్రసాదం కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

దీపావళి వెళ్లిన కొద్దిరోజులకే జీడితోటలోకి ఎలుగు దిగింది. జనం మావ ఇంటి ముందు చేరారు. ఆయన రానన్నాడు. "ఇప్పుడు నా తుపాకీ మీద నాకే గురి లేదు. ఇంకెవరినన్నా పిలవండి" అన్నాడు. "భయమైతే భయమని సెప్పు బావా. బొట్టు మీదెట్టకు" అన్నాడు ప్రెసిడెంటు అందరి ముందూ. మావ లోపలికి వెళ్లి రైఫిలు తెచ్చుకున్నాడు. ఆయన ఓడిపోయింది అక్కడే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

తెల్లవారుతుండగా, తోట పక్కన పారే గెడ్డకి అవతలి గట్టున ఎలుగు కనిపించింది. మావ గురి చూసి కొట్టాడు. తూటా తుస్సుమన్నట్టు పేలింది. గుండు కిందకి దిగి ముందుకాలికి తగిలింది. రెండోది పెట్టేలోపు ఎలుగు పొదల్లోకి దూరి పారిపోయింది. ఆ పొద్దున్నే అది తోట కాపలావాడి ముఖం మీద పడింది. ప్రాణం దక్కింది గాని ఒక కన్ను పోయింది.

పంచాయితీ అరుగు మీద మావ జరిగిందంతా చెప్పాడు. మంచివేవి, చెడినవేవి, చుక్క ఎందుకు పెట్టాడు, అన్నీ. జనం నవ్వారు. "బొట్టెడితే గురి తప్పుతాదేటి?" అని ఒకడు. "ఆడలేక మద్దెల ఓడు" అని ఇంకొకడు. నిజం చెప్పినందుకు చేతకానివాడే కాదు, దేవుణ్ణి ఆడిపోసుకున్నవాడు కూడా అయ్యాడు. గురి అంటే మన భాషలో నమ్మకం కూడా. ఆయన చేతిలో గురి ఎప్పుడూ తప్పలేదు, ఊరివాళ్లకే ఆయన మీద గురి తప్పింది. తప్పిన పేరు మాత్రం ఆయనకి పెట్టారు. వాళ్లని నేను క్షమించలేదు, క్షమించను కూడా.

మావ మళ్లీ తుపాకీ ముట్టలేదు. రోజూ సాయంత్రం కాపలావాడి గుడిసె దాకా నడిచి వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. వేసవిలో వంశధారకి పోదాం రమ్మంటే, "అడిగితే సెప్పడానికి ఆ తుపాకీ ఉన్నాది. ఇనడానికి నాకే ఓపిక లేదురా" అన్నాడు.

నేను వెళ్లేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ప్రెసిడెంటు దండ వేసి, "మా బావ గురి జిల్లాలో ఇంకెవడికీ లేదు" అని గట్టిగా ఏడ్చాడు. తరవాత కుంకం భరిణె అందుకుని మావ నుదుటి మీదకి వంగాడు. కాపలావాడు ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దు బాబూ. తమరెట్టిన బొట్లు సాలు."

ప్రెసిడెంటు భరిణె కింద పెట్టేశాడు. మావకి బొట్టు నేనే పెట్టాను.

పదోరోజు ఊళ్లో విధవలు అత్తని పెరట్లోకి తీసుకెళ్లి, బొట్టు చెరిపి, చెయ్యాల్సిందంతా చేసి తీసుకొచ్చారు. ఆవిడ ఎవరివైపూ చూడకుండా నేరుగా లోపలికి నడిచింది. గూట్లోంచి తిలకం సీసా తీసింది. అటక మీది చోళ్ల డబ్బా దింపమని నాకు సైగ చేసింది. దింపి మూత తీశాను. చోళ్ల మధ్య తూటాలు ఎర్రచుక్కలతో అలాగే ఉన్నాయి. అత్త సీసాని వాటి మధ్య పడుకోబెట్టి, పైన చోళ్లు కప్పి, తనే మూత బిగించింది.