భద్రమ్మకు చూపించని పదిహేనో రీలు

మాడుగులపల్లి భద్రమ్మ మిర్యాలగూడలో ఒక సాయంత్రం ఒక్క మాటతో పటాలానికి పటాలాన్నే వెనక్కి నడిపించింది. తుపాకులు, లారీలు, వంటపాత్రలతో సహా.

పటాలమంటే మరీ మొత్తం పటాలం కాదనుకోండి. ఇద్దరు జవాన్లు. వాళ్లలో ఒకడికి ఆ రోజు కడుపు బాగాలేదు. రెండోవాడు వెనక్కి నడవలేదు, అడ్డంగా చాపిన కాలు తీశాడు, అంతే. అయినా పోలీసు చర్య జరిగి ఏడాదైనా నిండని ఆ రోజుల్లో జవాను చేత కాలు తీయించడం చిన్న సంగతా? అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు భద్రమ్మకు సినిమాల మీద ఉన్న కసి గురించి చెప్పాలి.

గొర్రెలను పెంచుకుని బతికే ఇల్లు వాళ్లది. ఉన్ని వడకడం భద్రమ్మ పని. గొంగళ్లు నేయడం ఆమె మొగుడు బీరన్న పని. వాటిని నెత్తిన పెట్టుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంతలు తిరిగి అమ్మడం మళ్లీ భద్రమ్మ పనే. బీరన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంటికి దేవుడిచ్చిన నాలుకలు రెండూ ఆమె నోట్లోనే పడ్డాయని ఊళ్లో అనేవారు, ఆమె దగ్గర్లో లేనప్పుడు.

సంత అయ్యాక డేరా టాకీసులో బొమ్మ చూడటం ఆమెకు అలవాటు. చూసి తిట్టడం అంతకన్నా పెద్ద అలవాటు. డేరాకు వచ్చేవన్నీ దేవుళ్ల బొమ్మలే. పతివ్రత ఏడుస్తుంది, మొగుడు చస్తాడు, దేవుడు దిగుతాడు, మొగుడు ఆవులించి లేచి కూర్చుంటాడు. జనం తెర ముందు కొబ్బరికాయలు కొడతారు. భద్రమ్మ గొంగడి దులుపుకుని లేచి అందరికీ వినపడేట్టు అనేది: "సచ్చినోడు లేస్తడా? థూ!"

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. అంతకుముందు రెండేళ్లు సంతకు పోయే దారుల్లో, తుమ్మచెట్ల కింద, కాలువ గట్ల మీద పడి ఉన్న మనుషులను ఆమె చూసింది. ఒక్కరూ లేవలేదు. చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉండే బొమ్మ ఈ లోకంలో ఒక్కరైనా తీయకపోతారా అని ఆమె ఎదురుచూపు.

తీశారు. తొలకరి ముందు, గొంగళ్లకు గిరాకీ ఉండే రోజుల్లో, అది సూర్యాపేటకు వచ్చింది. ఎవరూ కోరి తెచ్చుకోలేదు. డేరా యజమాని రామలింగం మిర్యాలగూడ బియ్యం మిల్లు వాళ్లింటి మనిషి. దేవుడి బొమ్మ కోసం బెజవాడ వెళితే, అది కావాలంటే ఇది కూడా మోసుకుపోవాల్సిందేనని ఒక అరవ బొమ్మను అంటగట్టారు. అరవం వచ్చినవాళ్లు మూడు తాలూకాల్లో ఎవరూ లేరు. అందుకని తెర పక్కన స్టూలు వేసుకుని, చేతిలో రేకు గొట్టంతో, కోదాడ పానకాలు కథను తెలుగులో చెప్పేవాడు. అతనికి మాత్రం అరవం వచ్చా అని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

బొమ్మ కథ ఇది. ఒక పెద్దింట్లో ముగ్గురు అన్నదమ్ములు. ఆస్తి కోసం ఇద్దరన్నలు కలిసి తమ్ముణ్ణి పెరటి బావిలోకి తోసేస్తారు. తమ్ముడి పెళ్లాం అది కిటికీలోంచి చూస్తుంది. ఏడవదు. మర్నాటి నుంచి వాళ్లకు వండి పెడుతూ, ఒక్కొక్కరినీ చంపుతూ పోతుంది.

మొదటి రోజు బొమ్మ ముగిసేసరికి జనం లేచి డేరా గుడ్డ చింపేశారు. రెండో రోజు నుంచి రామలింగం ఆఖరిదైన పదిహేనో రీలును డబ్బాలోనే ఉంచి తాళం వేశాడు. భద్రమ్మ వచ్చింది ఆ రెండో రోజు.

"అన్నగారు ముద్దుల తమ్ముణ్ణి ఈతకు పంపిస్తున్నారండీ!" అన్నాడు పానకాలు గొట్టంలోంచి.

"ఈతకు పొయ్యెటోడు గట్ల కండ్లు తేలేస్తడా?" అంది ఆడవాళ్ల వైపు నుంచి భద్రమ్మ.

కాసేపటికి పెద్దన్న విస్తరి ముందు ఒరిగిపోయాడు. "మూర్ఛ వచ్చిందండీ పాపం, ఎండదెబ్బ!"

"మూర్ఛ గాదు, సచ్చిండు. మెడ సూడు. ఏటను కోసినంక వాలినట్టు వాలింది. అబద్ధాలోడా, నువ్వు ఎన్నడన్న గొర్రెను కోసినవా?"

మగవాళ్లు నోరుమూసుకోమని అరిచారు. ఆమె మూసుకోలేదు. ఆమె ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తోంది. పద్నాలుగో రీలు చివర ఆ ఇంట్లో తమ్ముడి పెళ్లాం తప్ప ఇక ఎవరూ మిగల్లేదు. ఆమె ఒక తాడు తీసుకుని దూలం కిందికి వచ్చి పైకి చూసింది. తెర తెల్లబడింది.

"ఆ తల్లి పశ్చాత్తాపపడి కాశీకి పోయి గంగలో మునిగిందండీ! శుభం!" పక్కనే గ్రామఫోనులో మంగళహారతి మొదలైంది. జనం దణ్ణం పెట్టుకుని లేచారు.

డేరాలో బొమ్మ ఆడించే మిషను ఒకటే. రీలు మార్చినప్పుడల్లా దీపం వెలిగేది. అలా దీపం వెలిగిన ప్రతిసారీ భద్రమ్మ, మందను దొడ్లోకి తోలుతూ లెక్కపెట్టినట్టు, డబ్బాలను లెక్కపెట్టింది. పద్నాలుగు తెరిచారు. ఒకటి తెరవలేదు. ఆమె నేరుగా మిషను దగ్గరికి పోయింది.

"సేటూ, ఇంకో డబ్బ ఉన్నది."

"అది ఖాళీది," అన్నాడు రామలింగం.

"ఖాళీ డబ్బకు తాళమెందుకు? కాశికి పొయ్యెటోళ్లు చెంబు పట్టుకపోతరు గని తాడు పట్టుకపోతరా? గొర్రెను కోసి తలకాయ దాసుకున్నట్టున్నది నీ యాపారం."

"నీకెందుకే? ఒకల చావు సూడనీకి గింత తహతహనా? అది సూసినోళ్లు నా డేరా చింపిండ్రు. మల్ల సూపియ్య. పో!"

పొమ్మన్నందుకు ఆమె బాధపడలేదు. చింపారన్న మాట మాత్రం ఆమెను వదల్లేదు. డేరా చింపేంతటి బొమ్మ! ఆ రీల్లో ఏముందో ఆమెకు తెలుసు. ఉరి. ఇంకేముంటుంది? తెలియాల్సింది ఒక్కటే: ఆఖరి నిమిషంలో దేవుడు దిగి తాడు తెంపుతాడా, లేక ఆ బొమ్మ తీసినవాడికి చచ్చినవాళ్లను చచ్చినట్టే ఉంచే ధైర్యం ఉందా? దేవుడు దిగితే ఆమె ఎదురుచూపంతా బూడిదే. అది చూడకుండా ఆమెకు అన్నం సయించలేదు. డేరా ఇక్కడి నుంచి కోదాడకు, కోదాడ నుంచి మిర్యాలగూడకు పోతుంది. ఆ తర్వాత రీళ్ల పెట్టె బస్సెక్కి బెజవాడకు. ఇక మళ్లీ రాదు.

కోదాడ పానకాలు సొంతూరు. అక్కడ అతను ఇంకా రెచ్చిపోయాడు. బావిని పుణ్యతీర్థం చేశాడు. విషం గిన్నెను ప్రసాదం చేశాడు. భద్రమ్మ ఒక్కొక్క అబద్ధానికీ ఒక్కొక్క నిజం అరిచింది. కొద్దిసేపటికి ఆడవాళ్లు గొట్టం మాట వినడం మానేసి ఆమె మాట వినసాగారు. పానకాలు స్టూలు మీద లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఈవిణ్ణి బయటికి పంపండి, లేకపోతే నేనే దిగిపోతాను! మా ఊళ్లో నా పరువు తీసేస్తోందండీ!"

"దిగు. నీ గొట్టం ఊదుకుంట పొయ్యి కాశిల మునుగు."

ఇద్దరు మగవాళ్లు ఆమెను రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చారు. వెనకనుంచి గొంగళ్ల మూట విసిరేశారు. మూట బురదలో పడింది. "ఇగ మిర్యాలగూడల కనపడ్డవో, నీ కాళ్లు ఇరుగుతయ్," అన్నాడు రామలింగం. ఆమె బురద గొంగళ్లను ఒక్కొక్కటే దులిపి మళ్లీ మూట కట్టింది. మిర్యాలగూడ దారి పట్టింది.

మిర్యాలగూడలో ఆమె సంతకు పోలేదు. షావుకార్ల వీధికి పోయింది. ఇల్లిల్లూ తిరిగి, కావాలనే ఆఖరున రామలింగం ఇంటి ముందు ఆగింది. గడపలో అతని భార్య హైమావతి నిలబడి ఉంది.

"గొంగళ్లు మాకెందుకు? పో పో."

"గొంగళ్లు అమ్మనీకి వచ్చిననా? మీ సేటు జేసిన దొంగతనం జెప్పనీకి వచ్చిన."

"ఏంది? మల్లొకసారి అనవే, పండ్లు రాలుతయ్!"

"ఒక ఆడమనిషి కథను తలకాయ నరికి డబ్బల పెట్టి తాళమేసిండు."

హైమావతి తిట్టింది. భద్రమ్మ తిరిగి తిట్టింది. తిట్ల మధ్యలోనే కథ మొదలైంది. బావి వచ్చేసరికి హైమావతి గడప దిగింది. విషం వచ్చేసరికి పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురు చేరారు. తాడు దగ్గర భద్రమ్మ ఆపి మూట ఎత్తుకుంది.

"తర్వాత? ఉరేసుకున్నదా? చెప్పి పోవే!"

"నీ మొగన్ని అడుగు."

ఆ సాయంత్రం డేరా ద్వారం దగ్గర రామలింగం ఇద్దరు జవాన్లను కూర్చోబెట్టాడు. ముందు వరసలో చోటు ఇస్తానని పిలుచుకొచ్చాడు. ఒకడు పొట్ట పట్టుకుని ముళ్లకంచె వెనక్కి పోయాడు. రెండోవాడు ద్వారానికి అడ్డంగా కాలు చాపుకుని ఉన్నాడు. "గొంగడి కప్పుకున్న ఆడమనిషిని రానియ్యొద్దు" అని అతనికి తెలుగులో చెప్పారు. అతనికి తెలుగు రాదు.

భద్రమ్మ వచ్చి అతని ముందు నిలబడింది. "కాలు తియ్," అంది.

ఆ మాటా అతనికి రాదు. కానీ తీశాడు.

లోపల ఆమె ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. పానకాలు ఆమెను చూసి రెండు మూడుసార్లు తడబడ్డాడు. పద్నాలుగో రీలు అయింది. తాడు, దూలం, తెల్ల తెర. "కాశీకి పోయి..." అంటుండగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"కాశికి తాడెందుకు?"

రామలింగం ఉలిక్కిపడ్డాడు. అది భద్రమ్మ గొంతు కాదు. అతని ఇంట్లో రోజూ వినే గొంతు.

"నువ్వు ఇంటికి నడు!"

"ఆ డబ్బ తియ్యకపోతే ఇంటికి నువ్వే రాకు," అంది హైమావతి అంత జనం ముందు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. భద్రమ్మను రెక్క పట్టి ఈడ్పించవచ్చు గానీ పెళ్లాన్ని ఎలా ఈడ్పిస్తాడు? తాళంచెవి మిషను మనిషి ముందుకు విసిరేశాడు. "ఏసుకో! నా డేరా చింపుకోండి!"

పదిహేనో రీలు మొదలైంది. పానకాలు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, ఒక క్షణం చూసి, దించేశాడు. ఆ రీల్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. చెప్పడానికేమీ లేదు. సూర్యాపేటలో అందుకే మొదటి రోజు అతను కొయ్యబారిపోయాడు.

తెర మీది మనిషి దూలాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తాడు భుజాన వేసుకుని పెరట్లోకి నడిచింది. తాడును బొక్కెనకు కట్టింది. మొగుణ్ణి మింగిన బావిలోంచి నీళ్లు తోడి తలారా పోసుకుంది. వంటింట్లోకి వచ్చి, చద్దన్నం కుండ ముందు పెట్టుకుని, కూర్చుని తినసాగింది. ఖాళీ ఇల్లు. ఉరి లేదు. దేవుడు లేడు. పోలీసులు రారు. ఆమె తింటూనే ఉంది.

భద్రమ్మ లెక్క తప్పింది. చావును అంత బాగా ఎరిగిన మనిషి, చావే వస్తుందనుకుంది. ఇలా బతికి ఉండటం, ఆ బావి నీళ్లే పోసుకుని బతికి ఉండటం, ఆమె ఊహించలేదు.

చుట్టూ గోల మొదలైంది. "అందరినీ చంపి అన్నం తింటదా? దీనికేం శిక్ష లేదా?" ఎవరో చెప్పు విసిరారు. వెనక గుడ్డ చర్రున చిరిగింది. హైమావతి భద్రమ్మ భుజం పట్టి గుంజింది. "దీనికోసమానే నా మొగనితోని కొట్లాట పెట్టిచ్చినవ్? శనిదానా!"

"నోర్మూయ్," అంది భద్రమ్మ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఆమె తింటున్నది."

డేరా కుంగింది. ఒక గుంజ విరిగింది. తెర సగం వాలిపోయి ముడతలు పడ్డా బొమ్మ ఆడుతూనే ఉంది. అయ్యేదాకా అక్కడే కూర్చుని చూసినది భద్రమ్మ ఒక్కతే.

నాలుగో రోజున రామలింగం పానకాలును వెంటబెట్టుకుని మాడుగులపల్లి వచ్చాడు. కులపెద్ద కాటయ్య అరుగు మీద పంచాయితీ కూర్చుంది. బీరన్న తల వంచుకుని ఒక మూల నిలబడ్డాడు. భద్రమ్మ కింద కూర్చుని ఉన్ని వడుకుతోంది. రామలింగం మొత్తం చెప్పాడు: సూర్యాపేటలో తిట్లు, కోదాడలో రభస, మిర్యాలగూడలో తన ఇల్లాలిని ఎగదోయడం. పానకాలు చర్చిలో పాద్రీ ముందు నిలబడ్డవాడిలా చేతులు కట్టుకుని, "అక్షరాలా నిజమండీ" అన్నాడు.

"వచ్చే నెలకు బెజవాడోళ్లు ఇంకో దరిద్రపు బొమ్మ అంటగట్టిండ్రు," అన్నాడు రామలింగం. "శవాన్ని పెట్టెల పెట్టుకొని ఊళ్లు తిరిగేటోని కథనంట. నా ఖర్మ. అది సూర్యాపేటల ఆడినన్ని రోజులు ఈమె అటు రావొద్దు. సంతకు గూడ పంపొద్దు. మీరు కట్టడి చెయ్యాలె."

భద్రమ్మ చేతిలో కదురు ఆగింది.

"ఏం భద్రమ్మా," అన్నాడు కాటయ్య. "సేటు జెప్పింది నిజమైతే నీకు ఇయ్యాల్టి నుంచి సంతలు బందు. నిజమేనా?"

భద్రమ్మ రామలింగాన్ని కింది నుంచి పైదాకా చూసింది. పానకాలును చూసింది. కదురు మళ్లీ తిప్పింది.

"సినిమానా? అదెట్లుంటదో నాకెరుకలేదు. డేరా గడప నేనెన్నడు తొక్కలె. ఈ సేటెవరో, ఆ పక్కనున్నోడెవరో నేను ఇయ్యాల్నే సూస్తున్న. వీండ్లు జెప్పిందాంట్ల ఒక్క ముక్క గూడ జరగలె."