మందు కాదు, తోడు

మా తమ్ముడు ఆ పొట్లాన్ని అంగడి బల్ల మీద తలకిందులు చేశాడు. నల్లటి పొడి రసీదు పుస్తకం మీద, పురుగుమందుల డబ్బాల మధ్య, అంగడాయన మోచేతి దాకా పరుచుకుంది. విత్తనాలకని వచ్చిన నలుగురు వెనక్కి జరిగారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"ఏమన్నా, ఇది మందా, పొయ్యిలో బూడిదా? మా అన్న ముందర చెప్పు."

అంగడాయన తొందరపడలేదు. రసీదు పుస్తకం తీసి దులిపాడు. "మందే. రోంత మెల్లగా పోసింటే బాగుండు. తుడుచుకునేది నేనే గదప్పా."

"చేను పచ్చగా ఉంటాదంటివి. పోయి చూడు, పసుపు పూసినట్ల ఉండాది. మీ ఇంటోళ్లను పేరంటానికి పిలుస్తాలే."

నలుగురిలో ఒకాయన నవ్వాడు. దాంతో తమ్ముడికి ఊపు వచ్చింది. "మా అన్న పేపర్లో రాసినాడంటే నీ అంగడి మెట్టు ఎవడూ ఎక్కడు, చూసుకో."

అంగడాయన నా వైపు తిరిగాడు. "రాయన్నా. రాసేటప్పుడు పేరు తప్పు లేకుండా రాయి. పోయిన తూరి మీ పేపరోళ్లు మా వీధి పేరే తప్పు ఏసినారు."

తర్వాత ఒక అట్టముక్కతో పొడినంతా దగ్గరికి నెట్టి, పాత పేపరులో మడిచి నా చేతిలో పెట్టాడు. "నా మాట నమ్మొద్దు, మీ తమ్ముని మాటా నమ్మొద్దు. పరీక్షకు పంపు."

తప్పు చేయని మనిషి ధైర్యమా అది? లేక, బల్ల మీద ఒలికిన పొడి ఇక దేనికీ రుజువుగా పనికిరాదని తెలిసినవాడి తెలివా? దారిలో నేను అదే ఆలోచించాను. మొదట చెప్పినవాడి మాటను పక్కన పెట్టి రెండోవాడి దగ్గరికి పోవడం జిల్లా విలేకరిగా నాకు అబ్బిన అలవాటు. ఉద్యోగం వదిలినా అది వదల్లేదు.

మా పొలం యాడికి ఊరి దగ్గర. సుద్ద కలిసిన నేల, వాన మీద ఆధారపడిన వేరుశనగ. ఆ ఏడు తమ్ముడు రెండు పొట్లాల జీవన ఎరువు కొన్నాడు. ఒకటి విత్తనానికి పట్టించాడు. రెండోది ఇంట్లో మిగిలింది. నెల తిరిగేసరికి మొక్కలు పాలిపోయాయి. అంతే, మిగిలిన పొట్లం పట్టుకుని, వారం రోజులు ఉండి పోదామని వచ్చిన నన్ను బండెక్కించుకుని, అంగడికి పోయాడు.

ఆ నల్లటి పొడిలో అసలు సరుకు పొడి కాదు, అందులో బతికే సూక్ష్మజీవులు. అవి వేరుశనగ వేళ్లలోకి చేరి చిన్న బుడిపెలు కడతాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్క తినగలిగేలా మారుస్తాయి. బదులుగా మొక్క తన చక్కెరలో కొంత వాటికి పెడుతుంది. పనిచేస్తున్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు కనపడుతుంది. పాలిపోయి ఉంటే పని లేనట్టు. మన ఇంట్లో పాలు పెరుగవడం, దోసె పిండి పొంగడం కూడా ఇలాంటి జీవాల భోజనమే. తడి ఆరకుండా కుప్ప పోసిన కాయల్లో బూజు చేరి విషం వదలడమూ అంతే. ఆ బూజు గురించి నేను చాలా వార్తలు రాశాను. ఈ జీవాల ఎంగిలి మనకు ఒకచోట రుచి, ఒకచోట పంట, ఒకచోట రోగం.

ఇదంతా నాకు తెలుసు. తమ్ముడికి చెప్పాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. అతనికి ఆ పొట్లం మందు.

మా వైపు అంగడి నుంచి వచ్చే ప్రతిదీ మందే. చేనుకు చల్లే యూరియా మందు. పురుగుకు కొట్టేది మందు. జ్వరానికి మింగేది మందు, సాయంత్రం తాగేదీ మందే. ఒకడికి ఉన్నట్టుండి బుద్ధి మారితే, ఎవరో మందు పెట్టారంటారు. ఆ మాటలో మేలూ ఉంది, కుట్రా ఉంది. బతికి ఉన్నది ఒకటి అందులో ఇముడుతుందని మాత్రం ఎవరికీ అనిపించదు.

అంగడి నుంచి వచ్చాక నేను చేనుకు పోయాను. తమ్ముడి భార్య, మా మరదలు, కలుపు తీస్తోంది. పొట్లం ఎక్కడ పెట్టారమ్మా అని అడిగాను.

"కొట్టంలో, రేకుల కింద అటక మీద. పిల్లోళ్లకు అందకూడదని మీ తమ్ముడే పైన పెట్టినాడు. మందు గదా బావా."

ఎండ కాసే రేకుల కింద చేయి పెడితే చురుక్కుమంటుంది. విత్తనానికి ఎలా పట్టించారని అడిగాను.

"విత్తనం కుళ్లకుండా ఇంకో మందు ఉంటాది సూడు, ఎర్రగా. అదీ ఇదీ ఒకే గంగాళంలో కలిపినాడు. రెండు తూర్లు ఎవరు కలుపుతారన్నాడు."

ఎర్రది బూజును చంపే మందు, తడిగా కలిస్తే పొడిలోని జీవాలకూ చేటు. ఎర్రది ముందు పట్టించి, ఆరనిచ్చి, నల్లది ఆఖరున పట్టించాలని అంగడాయన చెప్పాడా? చెప్పానని ఆయన అంటాడు. చెప్పలేదని తమ్ముడు అంటాడు. రెండు మాటల మధ్య సాక్షి లేడు.

రెండు చోట్ల మొక్కలు పీకాను. ఒకటి పొడి పట్టించిన చోట. ఇంకోటి తూర్పు గట్టు పక్కన. అక్కడికి వచ్చేసరికి కలిపిన విత్తనం చాలక, మళ్లీ కలిపే తీరిక లేక ఉత్త విత్తనమే వేశారు. రెండింటి వేళ్లకూ బుడిపెలు ఉన్నాయి. గోటితో చీల్చాను. రెండూ లోపల గులాబి రంగులోనే ఉన్నాయి. అవి పొట్లంలోంచి వచ్చినవా, ఎప్పటినుంచో ఈ మట్టిలో ఉన్నవా? చూపుతో తేలదు. చేను పసుపు తిరగడానికి సుద్ద నేలలో ఇనుము అందకపోవడమే కారణమేమో, అది వేరే అనుమానం.

మరదలు నా భుజం పక్కగా వంగి చూసింది. "ఏంటివి బావా? చీడా?"

"కాదమ్మా. మంచివే. ఆ పొట్లంలో ఉండేవి ఇవే. పెరుగుకు తోడు మాదిరి అనుకో."

ఆమె చేతిలోని కలుపు తీసే తొలిక కింద పెట్టింది. "తోడా?"

"అవును."

"విత్తనం కలిపిన పొద్దు మబ్బు పట్టింది. తొందరగా కానీ, తొందరగా కానీ అని నెత్తిన కూర్చున్యాడు మీ తమ్ముడు. బెల్లం పాకం పొయ్యి మీంచి దింపి దింపంగానే పోసేస్తి. పొడి దాంట్లోనే కలిపినాము. పొగలు వస్తాండాయి." నా చేతిలోని మొక్కను తీసుకుంది. "మందంటిరి. మందుకు వేడేమి, చలవేమి అనుకుంటి. తోడని ఒక్క మాట చెప్పింటే! కాగే పాలల్లో తోడు ఎవరన్నా ఏస్తారా బావా?"

పొడి విత్తనానికి జిగురుగా అంటుకోవడానికి బెల్లం పాకం కావాలి. అది చల్లారాలి. ఈ సంగతి ఆమెకు అందరికంటే బాగా తెలుసు, రోజూ పాల గిన్నెకు వేలు తాకించి చూసే మనిషి.

"మీ తమ్మునికి చెప్పొద్దు," అంది. "చెప్తే, పంట పోయిందంటే నావల్లే అంటాడు. ఏళ్ల తరబడి అంటాడు."

నేను తలూపాను. ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకే అనుమానం. నేను నోరు మూసుకుంటే అంగడాయన దొంగగా మిగులుతాడు. నోరు విప్పితే, ఆమె ఇంట్లో దోషి అవుతుంది.

పొడిని నేనుండే అనంతపురం తెచ్చి పరీక్షకు ఇచ్చాను. బస్సులో సంచి కిటికీ పక్కన పెట్టుకున్నాను. ఎండ ఎటు పడుతుందో చూసుకోలేదు. ఇచ్చిన చోట ఒక కాగితం నింపమన్నారు. 'నమూనా సేకరించిన చోటు' అన్న గడిలో, అలవాటు ప్రకారం, నా చేతికి ఎక్కడ అందిందో అదే రాశాను. అంగడి పేరు. అటక సంగతి రాయడానికి గడి లేదు.

జవాబు వచ్చింది. నమూనాలో బతికి ఉన్న జీవాలు లేవు. ఎక్కడ చచ్చాయో కాగితం చెప్పదు. అంగడిలోనా, రేకుల కిందా, పురుగుమందు దుమ్ము పడ్డ బల్ల మీదా, నా సంచిలోనా? కాగితం పైభాగాన మాత్రం అంగడి పేరు ఉంది, తప్పులేకుండా.

ఆ అంగడిలో బూడిద అమ్ముతారని తమ్ముడు ఇంకా చెబుతూనే ఉన్నాడు. మరదలు చెప్పింది అతనికి తెలియదు. కాగితం నా బీరువాలో ఉంది. జవాబు వచ్చిందా అని అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. రాలేదని రెండుసార్లూ చెప్పాను.