కాగితం వద్దన్న కోచ్

మా తమ్ముడు ఫుట్‌బాల్ కోచ్. కోయంబత్తూరు దగ్గర పోదనూరు రైల్వేలో ఫిట్టరుగా పనిచేస్తూ ఇరవై రెండేళ్ళు సాయంత్రాలు కాలనీ మైదానంలో కుర్రాళ్ళకు ఆట నేర్పాడు. అందుకు వాడికి పైసా రాలేదు. రిటైరైన మరుసటి ఏడు, మొట్టమొదటిసారి, ఆటకు జీతమిస్తామని ఒకరు పిలిచారు. ఆ జీతం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తారీకులతో సహా నాకు గుర్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఒక మిల్లు ఆఫీసులో జీతాల లెక్క చూసినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి భార్య పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం.

పిలిచినవాళ్ళు ఆర్.ఎస్. పురంలో ఉండే వేరే మిల్లు యజమానులు, మాలాగే తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళే. పెద్దాయనను అందరూ ముదలాళి, అంటే యజమాని, అంటారు. మిల్లు పక్కన ఖాళీగా పడి ఉన్న స్థలాన్ని చదును చేయించి, గడ్డి వేయించి, ఫుట్‌బాల్ అకాడెమీ పెట్టాడు. జూన్ ఏడున మేము వాళ్ళింటికి వెళ్ళాం. వెండి తట్టలో తమలపాకులు, వక్కలు, పదకొండు వేల ఒక రూపాయి అడ్వాన్సు. నెలకు ముప్పై వేలు, మూడేళ్ళు. తమ్ముడు రెండు చేతులా తట్ట అందుకున్నాడు. మాలో ఒకసారి వెత్తల, అంటే తమలపాకు, అందుకుంటే మాట ఖాయమైనట్టే. అది పిల్లనిచ్చే మాటైనా, పొలం అమ్మే మాటైనా అంతే.

అప్పుడు మేనేజరు నాలుగు పేజీల ఒప్పందం తెచ్చి ముందు పెట్టాడు. "ఇందులో ఒక సంతకం పెట్టేయండి సార్."

తమ్ముడు కాగితం వైపు చూడలేదు. "వెత్తల తీసుకొంటిని కదయ్యా. మన లోపల పేపరెందుకు?" అన్నాడు ముదలాళితో.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "చూస్తివా, ఇదీ మన జనం. దాన్ని తీసి లోపల పెట్టప్పా," అన్నాడు మేనేజరుతో. కాగితం మళ్ళీ ఫైల్లోకి పోయింది. అందులో ఏం రాసుందో మేము చదవనే లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో జీతం గురించి అడిగాను. "రేపు సంబళం ఆపితే ఏం చేస్తువురా?"

"ముదలాళి ఆపుతాడా? రిటైరై పన్నెండేండ్లాయె, నీకింకా ఆఫీసు బుద్ధి పోలేదక్కా."

శనివారం సాయంత్రాలు టీవీలో యూరప్ మ్యాచులు చూసేవాళ్ళం. వాడికి అక్కడొక కోచ్ అంటే చాలా ఇష్టం. తొమ్మిదేళ్ళుగా అతను ఒకే చిన్న క్లబ్బును పట్టుకుని ఉన్నాడు. వాడు మన మనిషిలా ఉండాడని తమ్ముడు అనేవాడు. ఆ అక్టోబరులో, సీజను సగంలో, ఆ కోచ్ పెద్ద క్లబ్బుకు వెళ్ళిపోయాడు. ఇంత సొమ్ము కడితే ఎవరైనా అతన్ని తీసుకుపోవచ్చని ఒప్పందంలోనే రాసి ఉందట.

"చేరే దినమే వదిలిపోయేదానికి వెల రాసుకొంటారా?"

"అవునక్కా. రిలీజ్ క్లాజు అంటారు."

"పెండ్లి పత్రికలోనే విడాకుల ఖర్చు అచ్చేసినట్టుండాది."

వాడు నవ్వాడు గానీ టీవీ కట్టేశాడు. "తొమ్మిదేండ్లుండి, నడుమ పోయినాడు చూడు."

"నీకు పదింతలిస్తే నువ్వు పోవా?"

"పోను."

"మూడు లక్షలురా."

"పోనంటిని కదా."

నవంబరులో కోవిల్‌పట్టి వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో మదురై మాట్టుతావణి బస్టాండులో దిగి, కోయంబత్తూరు బస్సు కోసం అరప్పాళయం బస్టాండుకు వెళ్ళాలని చూస్తుంటే వాడికి ఫోను వచ్చింది. పేరున్న జట్టు. అక్కడి విదేశీ కోచ్‌కు సహాయకుడు కావాలి. నెలకు లక్షా ఇరవై వేలు, ఉండడానికి ఇల్లు. బస్సుల హారన్లలో వాడు ఒక చెవి మూసుకుని మాట్లాడుతున్నాడు.

"నేను ఒక చోట మాటిచ్చుండాను సార్... లేదు, కాంట్రాక్టు లేదు... అవును సార్, పేపరు లేదు. దానికే రాలేను."

మళ్ళీ ఒకసారి అదే మాట చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాడు. సిటీ బస్సులో నేను లెక్క వేశాను. ఇంకా ముప్పై ఒక్క నెలలు, నెలకు తొంభై వేల తేడా. ఇరవై ఏడు లక్షల తొంభై వేలు. వాడికి చెప్పలేదు. వాడు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ముదలాళి మనవడు మా ఇంటికి వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడు, చెప్పులు బయటే విడిచి వచ్చాడు. యూరప్ క్లబ్బు ఒకటి అకాడెమీతో చేతులు కలుపుతోంది. గేటు మీద వాళ్ళ పేరు, లోపల వాళ్ళ కోచ్.

"వాళ్ళ లైసెన్సు ఉండే కోచే కావాలంటారు మామా. నా చేతిలో ఏమీ లేదు."

"ముదలాళికి తెలుసునా?" అని అడిగాడు తమ్ముడు.

"తాతకు ఒంట్లో సరిలేదు. ఇదంతా ఆయనకు చెప్పటం లేదు."

నేనడిగాను. "మూడేండ్ల మాట కదప్పా. మిగతా నెలల సంబళం?"

"కాంట్రాక్టు ఉంటే ఆఫీసే ఇచ్చేస్తుందత్తా. ఇక్కడ కాంట్రాక్టే లేదు కదా." ఎగతాళిగా అనలేదు, ఉన్నమాటే చెప్పాడు. మైదానం చూసుకునే పని మాత్రం ఇవ్వగలనన్నాడు. గడ్డి కోయించడం, సున్నంతో గీతలు వేయించడం. నెలకు పద్నాలుగు వేలు.

నవంబరులో పిలిచిన ఆ పెద్ద జట్టుకు ఫోను చెయ్యమని వాణ్ణి రెండు రోజులు పోరాను. చేశాడు. ఆ ఉద్యోగం డిసెంబరులోనే నిండిపోయింది.

వాడికి చెప్పకుండా ఆర్.ఎస్. పురం వెళ్ళాను, పెద్దాయనకే అంతా చెప్పాలని. ఆయన మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న నర్సుతో, "ఈమె తమ్ముడే మా కోచ్. పేపరొద్దు, వెత్తల చాలనినాడు," అని చెప్పి నవ్వాడు. "టీము బాగా ఆడుతుందా అమ్మా?" అని నన్ను అడిగాడు.

"ఆడుతుందయ్యా," అన్నాను. కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

మార్చి ఒకటి నుంచి తమ్ముడు మైదానం పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వద్దని గట్టిగానే చెప్పాను.

"పిల్లకాయలు ఉండారు కదక్కా అక్కడ."

"నిన్ను ఉంచమని ఆ పిల్లకాయలు ఒక మాట అడిగిరా?"

అన్నంలో ఇంకాస్త మజ్జిగ పోసుకున్నాడు. "అడగలా."

అకాడెమీకి వచ్చిన విదేశీ కోచ్ పది నెలలున్నాడు. జనవరిలో గల్ఫ్ దేశంలో ఒక క్లబ్బు ఎక్కువ ఇస్తామంటే వెళ్ళిపోయాడు. ఒప్పందంలో రాసుకున్న సొమ్మును ఆ క్లబ్బు అకాడెమీకి కట్టేసింది, మాకు నష్టమేమీ రాలేదని మనవడు తమ్ముడితో చెప్పాడట. కొత్తవాడు వచ్చేదాకా జట్టును చూడమని అడిగితే తమ్ముడు సరేనన్నాడు. పొద్దున గీతలు వేయించేవాడు, సాయంత్రం ఆట నేర్పేవాడు. జట్టు రెండు మ్యాచులు గెలిచింది కూడా.

"సంబళం ఏమన్నా పెంచిరా?" అని అడిగాను.

"అడగలేదక్కా."

మూడు నెలలూ పద్నాలుగు వేలే పడ్డాయి. ఏప్రిల్ రెండున ఇంకో కోచ్ వచ్చాడు. విమానాశ్రయానికి కారు తీసుకుని వెళ్ళింది మా తమ్ముడే.