ముగ్గు మీద చీమల పాఠం

ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే దివిసీమ బడిపంతుళ్లకు అన్నం సయించేది కాదు. నాదింకా ఖాయం కాని ఉద్యోగం. ఉద్యోగం ఖాయమైతేనే పిల్లనిస్తామని గుడివాడ మావయ్య తేల్చి చెప్పేశాడు (పిల్లకు నేనిష్టమే, చిక్కల్లా మావయ్యతోనే). అందుకని కళ్లు చెదిరే పాఠమొకటి చెబుదామని ‘చీమల సంఘజీవితం’ ఎంచుకుని, ముందురోజు సాయంత్రమే తరగతి బల్ల మీద బెల్లం పెట్టి వెళ్లాను. తెల్లారి చూస్తే ఒక్క చీమా లేదు!

చీమలన్నీ గుమ్మంలో ఉన్నాయి. హెడ్మాస్టరుగారి భార్యను మేమంతా అత్తయ్యగారనేవాళ్లం. పెద్దమనిషి వస్తున్నాడని ఆవిడ గుమ్మం పొడవునా బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. అది చీమల బారులతో నల్లబడిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు అవతలే ఆగిపోయారు. ఆయన్ని దాటి హెడ్మాస్టరుగారు రాలేరు. హెడ్మాస్టరుగార్ని దాటి అసిస్టెంట్లు రాలేరు. అందరూ హోదా వరసలో ఎండలో నిలబడ్డారు.

“చీమల్ని తొక్కుకుంటూ రమ్మంటారా? ఇంతకీ పాఠం దేన్ని గురించండీ?” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

“చీమల గురించేనండీ,” అన్నాను లోపలినుంచి, ఏడుపు గొంతుతో.

“అయితే అక్కణ్ణుంచే కానివ్వండి. వీటిలో హెడ్మాస్టరెవరు?”

“ఎవరూ లేరండీ. రాణి ఉంటుంది గానీ, గుడ్లు పెట్టడమే ఆవిడ పని. మిగతావాటికి ఎవరూ చెప్పక్కర్లేదండీ, వాటి పని అవే చేసుకుపోతాయి.”

హెడ్మాస్టరుగారు గట్టిగా దగ్గారు. ఇన్‌స్పెక్టరుగారు వెనక్కి తిరిగి, చెమటలు కక్కుతూ కదలకుండా నిలబడ్డ మా వాళ్ల బారును పరకాయించి చూశారు. పిల్లలు కిసుక్కుమన్నారు. నా పెళ్లి ఆగిపోయిందనే అనుకున్నాను.

ఇంతలో బడి పక్కనే ఉన్న తమ ఇంట్లోంచి అత్తయ్యగారు వచ్చి, “అయ్యో, వాటిని తిననివ్వండి నాయనా, పిండి వేసింది అందుకేగా! మీరంతా దొడ్డిగుమ్మంలోంచి రండి,” అన్నారు. అందరూ ఆవిడ వెనకాలే బుద్ధిగా నడిచారు.

వెళ్లేటప్పుడు ఇన్‌స్పెక్టరుగారు నా భుజం తట్టి, “పాఠం చీమలే చెప్పాయనుకోండి. అయినా వాటిని ఖాయం చేసే అధికారం నాకు లేదు, మిమ్మల్నే చేస్తున్నాను,” అన్నారు.

అందరూ నవ్వితే ఆ పూట నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత నా పాఠాలను మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కాని ఆ సాయంత్రం, చెప్పులు చేత్తో పట్టుకుని గుడివాడ వెళ్లే బస్సు కోసం పరుగెత్తిన ఆ కుర్రపంతులు పడ్డంత సంతోషం మళ్లీ నేనెప్పుడూ ఎరగను.